టెక్సాస్ ఇంటి పన్ను ప్రొటెస్ట్: ఉచితమే, కానీ మీట వేరే చోట ఉంది

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "నోటీసు వచ్చిందా? ఎంత పెంచారు?" ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేసిన విలువను సవాలు చేసే ఈ ప్రొటెస్ట్‌ను ఒక సేవగా తూకం వేస్తే, విలువ తగ్గించుకునే పనికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. పన్ను భారం దించే పనికి రెండు దాటవు. బిల్లంటే విలువ ఇంటూ రేటు. ప్రొటెస్ట్ విలువ జోలికే పోతుంది. రేటు పుట్టేది సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్లలో. సర్కారు ఖర్చు అదుపులో ఉండాలని గట్టిగా వాదించేవాళ్లు కూడా మే నెలంతా విలువ వెంట పరుగెత్తి, ఆగస్టులో రేటును గాలికి వదిలేస్తున్నారు.

టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయ పన్ను లేదు. 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణతో ఆ తలుపు మూసేశారు. రాష్ట్రం నేరుగా ఆస్తి పన్నూ వేయదు. అమ్మకం పన్ను రాష్ట్రానికి 6.25 శాతం, స్థానికంగా మరో 2 శాతం దాకా. మిగతా స్థానిక భారంలో పెద్ద వాటా ఇంటి మీదే పడుతుంది కాబట్టి ఈ ప్రొటెస్ట్‌కు ఇంత గిరాకీ.

ప్రొటెస్ట్ కంటే ముందు చూసుకోవాల్సింది హోంస్టెడ్ మినహాయింపు, అంటే తాము ఉండే సొంత ఇంటి విలువలో కొంత భాగం మీద పన్ను లేకపోవడం. ఫారం 50-114, ఫీజు లేదు. డ్రైవింగ్ లైసెన్స్ మీద అడ్రస్ ఆ ఇంటిదే అయ్యుండాలి. అప్లికేషన్లు వెనక్కి రావడానికి ఇదో మామూలు కారణం. పౌరసత్వంతో పని లేదు. హెచ్-1బీ మీద ఉన్నా, సొంత ఇల్లయి అందులోనే ఉంటే చాలు. స్కూల్ పన్ను వరకు ఈ మినహాయింపు 2023లో లక్ష డాలర్లయింది. 2025 నవంబరు ఓటింగ్‌తో 1,40,000 అయింది, 2025 పన్ను ఏడాదికే వర్తించింది. 65 ఏళ్లు నిండిన యజమానికి దానిపైన ఇంకో 60,000. తల్లిదండ్రుల పేరు ఇంటి పత్రంలో లేకుండా వాళ్ల వయసు చూపించి దీన్ని అడిగితే రాదు. కొత్త ఇంటికి మారి పాతది అద్దెకిచ్చినప్పుడు పాత హోంస్టెడ్ తీయించుకోవాలి. మరిచిపోతే వెనకటి ఏళ్ల పన్ను కలిపి బిల్లొస్తుంది.

హోంస్టెడ్‌తో పాటు వచ్చే 10 శాతం క్యాప్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. పన్ను వేసే విలువ, కొత్తగా కట్టినవి మినహాయిస్తే, నిరుటి పన్ను విలువ కంటే 10 శాతం మించి పెరగకూడదు. ఇది హోంస్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచే అమల్లోకి వస్తుంది. నిరుడు పన్ను విలువ 5 లక్షలనుకోండి. ఈ ఏడు మార్కెట్ విలువ 6 లక్షలని నోటీసు వచ్చింది. క్యాప్ వల్ల, మినహాయింపు తీయకముందు, పన్ను లెక్కకు వచ్చేది 5,50,000 మాత్రమే. ప్రొటెస్ట్ చేసి 6 లక్షలను 5,60,000కి దించినా చేతికి ఒక్క డాలరు రాదు. 5,50,000 కిందికి దిగిన ప్రతి పదివేలకూ, మొత్తం రేటు వందకు 1.80 ఉన్నచోట, 180 డాలర్లు మిగులుతాయి. నోటీసులో రెండు అంకెలుంటాయి: మార్కెట్ విలువ ఒకటి, క్యాప్ తర్వాత పన్ను లెక్కకు తీసుకునే అప్రైజ్డ్ విలువ ఒకటి. వాటి మధ్య దూరం ఎక్కువుంటే ఆ ఏడు ప్రొటెస్ట్ టైమ్ దండగ.

ఎక్కువ లాభం కొత్త ఇళ్లవాళ్లకు. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితిని బట్టి. ఆ రోజుకు ఖాళీ స్థలమో, సగం కట్టిన గోడలో ఉంటే మొదటి ఏడు బిల్లు చిన్నగా వస్తుంది, ఎస్క్రో (పన్ను కోసం లోన్ కంపెనీ కిస్తీతో పాటు నెలనెలా పక్కన పెట్టే డబ్బు) కూడా దాన్నిబట్టే కడతారు. రెండో ఏడు పూర్తి ఇంటి విలువ పడేసరికి ఎస్క్రోలో లోటు తేలి, నెలవారీ కిస్తీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. క్యాప్‌కు పునాది సాధారణంగా ఈ రెండో ఏటి విలువే. ప్రొటెస్ట్ ఒక్కసారే చేస్తామనుకునేవాళ్లు ఆ ఏడే చేయాలి.

గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఫారం 50-132 లేదా ఆన్‌లైన్ ఖాతా. అందులో రెండు కారణాలకూ టిక్ పెట్టాలి: మార్కెట్ విలువ కంటే ఎక్కువ వేశారన్నది ఒకటి, ఇరుగుపొరుగుతో పోలిస్తే అసమానంగా వేశారన్నది రెండోది. మొదటిదే పెట్టి వదిలేస్తే రెండో వాదన చేజారుతుంది. అదే చోట, డిస్ట్రిక్ట్ దగ్గరున్న ఆధారాలు పంపమని కూడా అడగాలి. విచారణకు 14 రోజుల ముందు ఉచితంగా ఇవ్వాల్సిందే.

ఆధారాల విషయానికొస్తే, టెక్సాస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. ఇల్లు కొన్నాక ఎంతకు కొన్నారంటూ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే సర్వే ఉత్తరానికి జవాబు తప్పనిసరి కాదు. నోటీసు విలువ కంటే తక్కువకు కొని ఉంటే మాత్రం క్లోజింగ్ స్టేట్‌మెంటే బ్రహ్మాస్త్రం. ఎక్కువకు కొన్నవాళ్లు అసమానత వాదన పట్టుకోవాలి. అదే బిల్డర్, అదే ప్లాన్, అటూఇటుగా అదే చదరపు అడుగులున్న అయిదారు ఇళ్లను డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే వెతికి, స్థలం విలువను పక్కనపెట్టి కట్టడం విలువను చదరపు అడుగుకు లెక్కగట్టాలి. ఈత కొలను, వయసు, గ్యారేజీ తేడాలు సర్దుబాటు చేసి మీడియన్ తీయాలి. సగటు కాదు, మీడియన్, అంటే వరసగా పేర్చితే నడుమ వచ్చే అంకె. చట్టంలో ఉన్న మాట అదే. పునాది పగుళ్లు ఉంటే ఫొటోలు ఒక్కటే చాలవు, కాంట్రాక్టర్ రాసిచ్చిన మరమ్మతు అంచనా జత చేయాలి. ఇక్కడి నల్లరేగడి లాంటి బంకమట్టికి పునాదులు కదలడం మామూలే కనుక ఆ మాటకు బరువుంటుంది. ఇళ్ల ధరలు చూపే జీలో వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్లకు అంత బరువుండదు.

చాలా కేసులు డిస్ట్రిక్ట్ సిబ్బందితో మాట్లాడుకునే అనధికారిక దశలోనే తెగిపోతాయి. హారిస్ కౌంటీలోనైతే ఐసెటిల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే ప్రతిపాదన వస్తుంది. అంకె నచ్చకపోతే అప్రైజల్ రివ్యూ బోర్డు ముందుకు వెళ్లాలి. అక్కడ ప్రమాణం చేసి మాట్లాడాలి, సమయం కొద్ది నిమిషాలే. "పన్నులు కట్టలేకపోతున్నాం", "ఈ డబ్బుతో సిటీ ఏం చేస్తోంది" లాంటి మాటలకు అక్కడ చోటు లేదు. బోర్డుకు రేటు మీద అధికారమే లేదు. బోర్డు తీర్పూ నచ్చకపోతే 60 రోజుల్లోగా ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) అడగొచ్చు. 5 లక్షల లోపు హోంస్టెడ్‌కు డిపాజిట్ 450 డాలర్లు, పైన 500.

మన తరఫున ప్రొటెస్ట్ చేసిపెట్టే ఏజెంట్ కంపెనీల సంగతికి మూడు మార్కులు. తగ్గిన పన్నులో పావు నుంచి సగం దాకా తీసుకుంటాయి. సంతకం పెట్టేముందు రెండు వాక్యాలు వెతకాలి. "ఆదా" అంటే మార్కెట్ విలువ తగ్గుదలా, నిజంగా తగ్గిన పన్నా? పైన చెప్పిన క్యాప్ ఉదాహరణలో మొదటి నిర్వచనం ఉంటే, ఒక్క డాలరు మిగలకుండానే ఫీజు కట్టాల్సి వస్తుంది. రెండోది, ఒప్పందం ఏటా దానంతటదే కొనసాగుతుందా? రద్దు చేసుకోవాలంటే కంపెనీతో పాటు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కూ రాసివ్వాలి.

ఇక పన్ను భారం దించే పనికి ఇచ్చిన రెండు మార్కుల సంగతి. అందరి విలువలూ సమానంగా తగ్గితే, బడ్జెట్ తగ్గనప్పుడు, కౌన్సిల్ రేటు పెంచి అదే మొత్తం రాబట్టుకోగలదు. కాబట్టి చూడాల్సింది "నో న్యూ రెవెన్యూ" రేటు: ఉన్న ఆస్తుల మీద నిరుటి మొత్తమే రాబట్టడానికి సరిపోయే రేటు. విలువలు పెరిగినప్పుడు ఇది దిగాలి. కౌన్సిల్ పాత రేటే ఉంచి "మేం రేటు పెంచలేదు" అంటుంది. మాట నిజమే, పన్ను మాత్రం పెరిగింది. 2019 సెనేట్ బిల్లు 2 వల్ల సిటీలు, కౌంటీలు నిర్వహణ పన్నును 3.5 శాతం మించి పెంచాలంటే ఓటింగ్ పెట్టాలి, అంతకుముందు గీత 8 శాతం. నో న్యూ రెవెన్యూ దాటాలన్నా సభ్యుల్లో 60 శాతం పేరుపేరునా అవునని ఓటేయాలి, తీర్మానంలో పన్ను రేటు ఫలానా శాతం పెరుగుతోందని నోటితో చదవాలి. ఆ వాక్యం చదివించడం ఈ నియమాల్లోకెల్లా మంచి పని. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి వచ్చిన మూలధన విలువ పద్ధతిలోనూ ఏడాదికి 15 శాతం గీత ఉంది. కానీ పెంపు దాటితే ఓటర్లను అడగాలన్న మెలిక అక్కడ లేదు.

రాష్ట్రం ఇచ్చే ఊరట మీద సంప్రదాయవాదుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. సుమారు 338 బిలియన్ డాలర్ల 2026-27 రెండేళ్ల బడ్జెట్‌లో 51 బిలియన్ దాకా ఆస్తి పన్ను తగ్గింపుకే. అమ్మకం పన్నుగా కట్టిన డబ్బే స్కూల్ పన్ను తగ్గింపుగా తిరిగొస్తోందని, స్థానిక ఖర్చుకు కళ్లెం లేకపోతే ఆ ఖాళీ మళ్లీ నిండుతుందని ఒక వర్గం వాదన. ఆ వాదనలో పస ఉంది.

డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఓటర్లు ఆ కళ్లెం పట్టారు. 2024 నవంబరులో స్కూల్ డిస్ట్రిక్ట్ పన్ను రేటు, బాండ్ల (అప్పు) ప్రతిపాదనలను తోసిపుచ్చారు. 2025 మేలో కళావేదిక నిర్మాణానికి సిటీ పెట్టిన ప్రతిపాదనకూ కాదన్నారు. స్కూల్ బాండ్ల బ్యాలెట్ మీద ఇది ఆస్తి పన్ను పెంపు అని స్పష్టంగా ముద్రించాలన్న 2019 నియమం కూడా ఓటర్లకు పనికొస్తుంది. అప్రైజల్ డిస్ట్రిక్ట్ పాలకవర్గంలోనూ, 75,000 దాటిన జనాభా ఉన్న కౌంటీల్లో, 2024 మే నుంచి ముగ్గురు ఎన్నికై వస్తున్నారు. ఓటింగ్ శాతం నామమాత్రం. ఓటు హక్కున్న తెలుగు కుటుంబాలు నాలుగు కాలనీల్లో కదిలితే ఫలితం మారే పోటీలివి.

బడ్జెట్ విచారణలు ఆగస్టు, సెప్టెంబరుల్లో. జులై 25 నాటికి విలువల జాబితా సిటీకి చేరుతుంది. మీ అడ్రస్ మీద ప్రతిపాదిత రేట్లు టెక్సాస్ డాట్ గవ్ ఆస్తి పన్ను పేజీలో కనిపిస్తాయి. మాట్లాడేవాళ్లకు దొరికేది రెండు మూడు నిమిషాలు. "పన్నులు ఎక్కువైపోయాయి" అంటే తలూపి పంపేస్తారు. నో న్యూ రెవెన్యూ రేటుకూ ప్రతిపాదిత రేటుకూ తేడా ఎంత, ఆ తేడాతో వచ్చే మొత్తం ఏ పద్దుకు పోతోంది, ఎన్ని కొత్త పోస్టులు, అప్పు మీద వడ్డీ వాటా ఎంత అని బడ్జెట్ పేజీ నంబర్లతో సహా అడగండి. జవాబు మినిట్స్‌లోకి (సమావేశ రికార్డులోకి) ఎక్కుతుంది.