లైక్లీ ల్యాడ్స్: ఎన్నిసార్లు చూసినా తెగని పంచాయితీ

1970ల నాటి బ్రిటిష్ టీవీ కామెడీ ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు ద లైక్లీ ల్యాడ్స్’ డీవీడీ సెట్ నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. రెండు సీజన్లు, 26 ఎపిసోడ్లు, పైన ఒక క్రిస్మస్ స్పెషల్. ఏడాదికో సారైనా మళ్లీ మొదటినుంచి పెట్టుకుంటాను. కలిసి పెరిగిన ఇద్దరిలో ఒకడు ఇల్లు కొనుక్కుని ఓ మెట్టు ఎక్కితే, రెండోవాడితో స్నేహం ఏమవుతుందన్నది ఇంత నిజాయితీగా చూపించిన కామెడీ ఇంకొకటి నేను చూడలేదు.

ఊరు ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న న్యూకాసిల్. రాసినవాళ్లు డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే. వీళ్లే రాసిన ‘ద లైక్లీ ల్యాడ్స్’ 1964–66 మధ్య బీబీసీలో వచ్చింది. అందులో బాబ్, టెర్రీ ఒకే ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు. చివర్లో బాబ్ సైన్యంలో చేరతాడు. వాడు లేక ఊళ్లో తోచక టెర్రీ కూడా వెళ్లి చేరిపోతాడు. తీరా చూస్తే పాదాలు చదునుగా ఉన్నాయని బాబ్‌ను ఇంటికి పంపేస్తారు, టెర్రీ అక్కడ ఇరుక్కుపోతాడు. ఆ పాత సీరియల్ టేపుల్లో చాలావాటిని బీబీసీ చెరిపేసింది. అవి చూడకపోయినా ఇబ్బంది లేదు.

1973లో మొదలైన ఈ రెండో సీరియల్‌లో టెర్రీ ఐదేళ్ల తర్వాత ఊరికి తిరిగొస్తాడు. ఆ మధ్యకాలంలో బ్రిటన్‌లో ఎన్ని మారాయో! 1967లో అబార్షన్ చట్టం, 1968లో నాటకాల మీద సెన్సార్ రద్దు, తర్వాత 18 ఏళ్లకే ఓటు. కుర్రకారుకు దొరికిన ఆ స్వేచ్ఛంతా తాను బ్యారక్స్‌లో ఉండగానే జరిగిపోయిందని టెర్రీ ఏడుపు. తీరా ఇంటికొస్తే ఊరు కూడా తనది కాదు. టి. డాన్ స్మిత్ న్యూకాసిల్ నగర కౌన్సిల్ నాయకుడిగా ఉన్నప్పుడు ఊపందుకున్న కూల్చివేతల్లో, ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇటుక ఇళ్ల వరసలు ఎన్నో పోయాయి. ఈ సీరియల్ ముగిసిన 1974లోనే ఆయన అవినీతి కేసులో జైలుకెళ్లాడు.

బాబ్ మాత్రం ఎల్మ్ లాడ్జ్ అనే కొత్త ఎస్టేట్‌లో ఇల్లు కొని, లైబ్రరీలో పనిచేసే థెల్మాను పెళ్లి చేసుకోబోతుంటాడు. ఆ ఎస్టేట్ సీన్లు న్యూకాసిల్ దగ్గరున్న కిల్లింగ్‌వర్త్‌లో తీశారు. బాబ్ దృష్టిలో ఆ ఇల్లు ఎదుగుదల, టెర్రీ దృష్టిలో ద్రోహం. ఇద్దరి వాదనలోనూ నిజం ఉంటుంది. ఎవరిది ఒప్పో రచయితలు తీర్పు చెప్పరు. నన్ను మళ్లీ మళ్లీ కూర్చోబెట్టేది అదే.

ఒక సీన్ చెప్పాలి. టెర్రీ ఒక్కో దేశం పేరూ తీసుకుని ఆ జనానికి ఏదో ఒక వంక పెడుతూ పోతాడు. తర్వాత అసలు ఈ ఊరు దాటితే ఎవరూ నచ్చరంటాడు. మా వీధిలోనూ చాలామంది పడరంటాడు. ఆ మాటకొస్తే పక్కింటివాళ్లు కూడా. టెర్రీగా చేసిన జేమ్స్ బోలం ఆ ముక్కలన్నీ ముఖంలో చిన్న నవ్వు కూడా లేకుండా, వాతావరణం గురించి చెప్తున్నట్టు చెప్తాడు. అదే సీన్‌లో బాబ్‌గా చేసిన రాడ్నీ బ్యూస్ ఓపిగ్గా వింటున్న తీరు కూడా చూడండి. చిన్నప్పటి స్నేహితుణ్ని భరించడం అంటే ఏమిటో ఆ ముఖంలో కనిపిస్తుంది.

‘నో హైడింగ్ ప్లేస్’ ఎపిసోడ్ గురించి అందరూ చెప్తారు, న్యాయంగానే. బల్గేరియాలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్. రాత్రి టీవీలో హైలైట్స్ వచ్చేదాకా బాబ్, టెర్రీల చెవిన స్కోరు పడకూడదు. వాళ్లకు ఎలాగైనా చెప్పేస్తానని ఫ్లింట్ అనేవాడు పందెం కాసి ఊరంతా వెంటపడతాడు. ఈలోగా పేపర్ హెడ్డింగ్‌లో ‘ఇంగ్లండ్’ తర్వాత ఒకే ఒక్క అక్షరం కంట పడుతుంది. ఇక ఆ మాట ఏమై ఉంటుందో అని ఇద్దరికీ టెన్షన్. ముగింపు నేను చెప్పను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. టెర్రీ ఆడవాళ్ల గురించి మాట్లాడే మాటలు కొన్నిచోట్ల ఇప్పుడు వినలేం. అవి టెర్రీ సంకుచితత్వాన్ని చూపించడానికే అన్నా, నవ్వు మాత్రం వాడి పక్షానే పడుతుంది. థెల్మాకు రాతలో దక్కాల్సినంత దక్కలేదు. పెళ్లికి ముందు బాబ్ దాచుకున్న పాత సామాన్లు తీసేయమన్నందుకు ఆమె గయ్యాళిలా కనిపించాలా? బ్రిజిట్ ఫోర్సిత్ బాగా చేసింది కాబట్టే ఆ పాత్రకు ఆ మాత్రం మర్యాద మిగిలింది. రెండో సీజన్ కొంచెం ఎగుడుదిగుడుగా సాగుతుంది.

యాస గురించి భయపడకండి, ఉత్తరాది మాటే అయినా బాగా తేలికపరిచారు. నేను మొదట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకున్నాను, తర్వాత అవసరం పడలేదు. స్టూడియోలో తీసిన భాగాలకూ బయట తీసినవాటికీ బొమ్మ తేడా కొడుతుంది. అది ఆ కాలం బ్రిటిష్ టీవీలో మామూలే. మొదటి సీజన్ పెళ్లితో ముగుస్తుంది, కాబట్టి ఆ 13 ఎపిసోడ్లు వరసలోనే చూడండి. తీరిక లేకపోతే ‘నో హైడింగ్ ప్లేస్’ ఒక్కటి విడిగా చూసినా అర్థమవుతుంది.