విప్పుల్ ఆపరేషన్: పేగు ముందు నుంచా, వెనక నుంచా?

నెల్లూరు, చిత్తూరు నుంచి చెన్నైకి విప్పుల్ ఆపరేషన్‌కి (క్లోమం తల తీసే సర్జరీ) వచ్చే మనవాళ్లను ఎక్కువగా కంగారుపెట్టేది ముక్కులో గొట్టం, దాని సంచిలో నిండే పచ్చటి నీళ్లు. పొట్ట ఖాళీ కావడం ఆలస్యమైందని దాని అర్థం. క్లోమం తల తీశాక చిన్నపేగును పైకి తెచ్చి పొట్టకు కుడతారు. అది ఏ దారిన అన్నదే ప్రశ్న.

ముందు దారి: పెద్దపేగు మీదుగా. పేగు పొడవుగా లాగాలి, కానీ కుట్టు క్లోమానికి దూరం.
వెనక దారి: పెద్దపేగు పొరకు కంత పెట్టి. దూరం తక్కువ. కంత అంచులు కుట్టకపోతే పేగు ఇరుక్కోవచ్చు. క్లోమం లీకైతే చీము పక్కనే, పొట్ట మొరాయిస్తుంది.
ఖర్చు: తేడా లేనట్టే.

2006లో జపాన్‌లో 40 మందిపై ట్రయల్, పొట్ట ఖాళీ అయ్యే విషయంలో ముందు దారిని మెచ్చింది. 2014లో వచ్చిన పెద్ద డచ్ ట్రయల్‌లో తేడా కనిపించలేదు. మా లెక్కలో అసలు దోషి దారి కాదు, లీకు. 7వ రోజుకీ మెత్తటి ఇడ్లీ ముక్కయినా దిగకపోతే ముందు సీటీలో చీము వెతకాలి, పొట్టను కదిలించే మందు ఎరిత్రోమైసిన్ తర్వాత.

క్లోమం మెత్తగా, దాని నాళం 3 మి.మీ. లోపు ఉంటే లీకు భయం ఎక్కువ, కాబట్టి ముందు దారి. లావు మనిషి, పేగు పొర పొట్టిదై పైకి అందకపోతే వెనక దారి.