వర్డ్‌లో సమీకరణాలు: థీసిస్ టైపు చేసేవారు ఇచ్చే మార్కులు

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని ఈక్వేషన్ సదుపాయాన్ని చాలామంది చులకన చేస్తారు. గణితం టైపు చేయాలంటే లాటెక్ (ఆదేశాలు రాసి పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తప్ప దారి లేదంటారు. హనుమకొండలో థీసిస్‌లు, ప్రశ్నపత్రాలు టైపు చేసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ మాట నేను ఒప్పుకోను. నా దగ్గరికి వచ్చే పరిశోధక విద్యార్థుల గైడ్లు దిద్దుబాట్లన్నీ వర్డ్ ఫైలులోనే చేసి పంపుతారు. అక్కడ లాటెక్ ఎంత గొప్పదైనా అక్కరకు రాదు. వర్డ్‌లోనే మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు సమీకరణాలన్నీ ఒకే తీరుగా వస్తాయా అన్నదే నాకు ముఖ్యం. వస్తాయి. అయితే దాని నడత తెలిసి ఉండాలి.

2007 వెర్షన్‌తో వచ్చిన ఈ సదుపాయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది, సమీకరణం కూడా మామూలు అక్షరాల్లా పేరాలో భాగం కావడం. అంతకు ముందు ఈక్వేషన్ ఎడిటర్ 3.0 ఉండేది. అందులో చేసిన ప్రతి సమీకరణం బయటినుంచి తెచ్చి అతికించిన బొమ్మ లాంటిదే. పేరా సైజు 14 నుంచి 12కి తగ్గిస్తే మాటలు తగ్గేవి, సమీకరణం మాత్రం కదిలేది కాదు. ఇప్పుడు మాటలతో పాటే సమీకరణమూ తగ్గుతుంది, పెరుగుతుంది. రెండు వందల పేజీల థీసిస్‌లో సైజు మార్చమని చివరి రోజున చెప్పినా గుండె దడ పుట్టదు.

టైపు చేయడం కూడా సులువే. ఆల్ట్ నొక్కి పట్టుకుని సమానం గుర్తు కొడితే సమీకరణం రాసే పెట్టె తెరుచుకుంటుంది. 1/2 అని కొట్టి స్పేస్ నొక్కితే లవం పైన, హారం కింద చేరతాయి. బ్యాక్‌స్లాష్ పెట్టి ఇంగ్లిష్‌లో ఆల్ఫా అని రాసి స్పేస్ నొక్కితే గ్రీకు అక్షరం వస్తుంది. మైనస్ కోసం హైఫన్ కొట్టినా అసలైన మైనస్ గుర్తే పడుతుంది. మెనూలో గుర్తులను వెతుక్కుంటూ మౌస్‌తో తిరిగేవారికి ఈ పని నత్తనడకగా అనిపిస్తుంది. కీబోర్డుకు అలవాటు పడితే చేయి ఆగదు.

ఇక తేడాలు ఎక్కడ వస్తాయో చెప్పాలి. చాలా ఫైళ్లలో నేను చూసే లోపం ఒకటే. విడి వరుసలో ఉన్న సమీకరణాల్లో ఒకదాని సంకలనం గుర్తుకు (సిగ్మాకు) హద్దులు పైనా కిందా ఉంటాయి, ఇంకోదానికి పక్కకు జరిగి ఉంటాయి. ఒకచోట భిన్నం నిండుగా ఉంటుంది, ఇంకోచోట నలిగిపోయి కనిపిస్తుంది. కారణం చిన్నది. సమీకరణం పేరాలో ఒంటరిగా ఉన్నంతసేపే వర్డ్ దాన్ని విడి సమీకరణంగా చూస్తుంది. పెట్టె బయట ఒక చుక్క గానీ కామా గానీ పడిందంటే, వాక్యం మధ్యలో ఉన్నదనుకుని కుదించేస్తుంది. వాక్యం చివరి చుక్కను పెట్టె లోపలే పెట్టండి. చూపుకు తేడా ఉండదు, సమీకరణం నిండుగా నిలుస్తుంది.

రెండోది అక్షరాల పోలిక. సమీకరణంలోని ఎక్స్, వర్డ్ సమీకరణాలకు మామూలుగా వాడే కేంబ్రియా మ్యాథ్ ఫాంటులో ఉంటుంది. కింది వాక్యంలో అదే ఎక్స్‌ను టైమ్స్ న్యూ రోమన్‌లో ఇటాలిక్ చేసి పెడతారు. చదివేవారికి అవి రెండు వేర్వేరు రాశుల్లా తోస్తాయి. ఒక్క అక్షరమైనా సరే, చలరాశి అయితే పెట్టెలోనే ఉండాలని నా నియమం. దీనికి సమయం పడుతుంది, అయినా ఈ విషయంలో నేను రాజీ పడను. వ్యాసమంతా టైమ్స్‌లో ఉండాలంటే ఈక్వేషన్ ఆప్షన్స్‌లో గణిత ఫాంటును స్టిక్స్ టూ మ్యాథ్‌కు మార్చుకోవచ్చు. అది ఉచితం, టైమ్స్‌కు బాగా దగ్గర. గైడ్ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండకపోవచ్చు కాబట్టి పీడీఎఫ్ కూడా జతచేయండి. ఏం చేసినా కేంబ్రియా మ్యాథ్‌ను మామూలు వాక్యాలకు మాత్రం పెట్టవద్దు. వరుసల మధ్య ఎడం విపరీతంగా పెరిగిపోతుంది. ఇలాంటి ఫైలు తెచ్చి "లైన్ స్పేసింగ్ తగ్గడం లేదు మేడమ్" అనే విద్యార్థులు నాకు కొత్త కాదు.

సైన్, కాస్ వంటి ప్రమేయాల పేర్లు నిటారుగా, చలరాశులు వాలుగా ఉండాలి. పేరు కొట్టి స్పేస్ ఇస్తే వర్డ్ వాటిని గుర్తుపట్టి నిటారుగా నిలుపుతుంది. సమీకరణంలో మామూలు ఇంగ్లిష్ మాట రావలసివస్తే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే చాలు. తెలుగు మాటల సంగతి వేరు. కేంబ్రియా మ్యాథ్‌లో తెలుగు అక్షరాలు లేవు. "సరిసంఖ్య అయితే", "బేసిసంఖ్య అయితే" వంటి షరతులను నేను సమీకరణం పక్కన, గీతలు కనిపించని పట్టికలో పెడతాను. తెలుగు మాధ్యమం ప్రశ్నపత్రాలకు ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి నాకు దొరకలేదు.

సమీకరణాలకు అంకెలు వేయడం ఈ సదుపాయంలో బలహీనమైన చోటు. కొత్త వెర్షన్లలో సమీకరణం చివర హాష్ గుర్తు (#), దాని తరువాత బ్రాకెట్లలో అంకె కొట్టి ఎంటర్ నొక్కితే, సమీకరణం మధ్యకు, అంకె కుడి అంచుకు చేరతాయి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ చేత్తో కొట్టిన ఆ అంకె దానంతట అది మారదు. రెండో అధ్యాయంలో ఒక సమీకరణం చేర్చమని గైడ్ అన్నారంటే, తరువాతి అంకెలన్నీ, వాటిని ప్రస్తావించిన వాక్యాలన్నీ దిద్దుకోవాలి. పెద్ద థీసిస్ అయితే నేను మూడు గడుల పట్టిక వాడతాను. నడిమి గడిలో సమీకరణం, కుడి గడిలో సీక్వెన్స్ ఫీల్డు (వరుస అంకెను వర్డే లెక్కపెట్టి వేసే ఏర్పాటు) ఉంటాయి. ఫైలంతా ఎంపిక చేసి ఎఫ్9 నొక్కితే అంకెలు సర్దుకుంటాయి. ఆ పట్టికను, మళ్లీ వాడే ముక్కలను వర్డ్ దాచి ఉంచే క్విక్ పార్ట్స్‌లో దాచుకుంటే మళ్లీ మళ్లీ గీయనక్కరలేదు.

పాత ఫైళ్లు ఉన్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. భద్రతా లోపాల కారణంగా మైక్రోసాఫ్ట్ 2018 జనవరిలో పాత ఎడిటర్‌ను తొలగించింది. అందులో చేసిన సమీకరణాలు కనిపిస్తాయి గానీ, వాటిని దిద్దాలంటే మ్యాథ్‌టైప్ అనే సమీకరణాల సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి, లేదా కొత్త వెర్షన్లలో కొత్త రూపంలోకి మార్చుకోవాలి. ఫైలును పాత వర్డ్ 97-2003 (.doc) రూపంలో భద్రపరిస్తే కొత్త సమీకరణాలు కూడా బొమ్మలైపోతాయి. "పాత కంప్యూటర్‌లో కూడా తెరుచుకోవాలి" అని ఎవరైనా అడిగితే పీడీఎఫ్ ఇవ్వండి, ఆ పాత రూపం ఇవ్వవద్దు.

ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌ను కూడా వాడి చూశాను. వర్డ్ లాంటి దాని రైటర్‌లో ఎఫ్, ఎన్ అనే రెండు అక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కితే వరుస అంకెతో సమీకరణం వస్తుంది. వర్డ్‌లో లేని సుఖం అది. కానీ అక్కడ ప్రతి సమీకరణం విడి వస్తువు. పేరా సైజు మారిస్తే అది మారదు. నా పనికి అదే పెద్ద అడ్డు.

ఇంటర్, డిగ్రీ నోట్సులకు, ప్రశ్నపత్రాలకు, ఓ మాదిరి థీసిస్‌లకు వర్డ్‌కు అయిదింట నాలుగు మార్కులు సంతోషంగా వేస్తాను. పేజీకి పది సమీకరణాల చొప్పున నిండిన సైద్ధాంతిక భౌతికశాస్త్రం థీసిస్ అయితే, గైడ్ ఒప్పుకుంటే లాటెక్‌కే వెళ్లమంటాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు అంకెల కోసమే. హాష్ తరువాత అంకె దానంతట అదే పడి, వాక్యంలో దాని ప్రస్తావన కూడా వెంట మారే రోజు వస్తే అదీ వేసేస్తాను.