అలల మీద కడుపు తిప్పితే: మాత్రా, పట్టీనా, అల్లమా, చుక్కానా?

తెరచాప పడవ రేవు దాటి పెద్ద అలల్లోకి వెళ్లాక చాలామందికి మొదటి రెండు మూడు రోజులు నరకమే. తర్వాత ఒళ్లు దానంతటదే అలవాటు పడుతుంది. అందరికీ కాదు లెండి. 1831లో బీగిల్ ఓడెక్కిన డార్విన్ దాదాపు ఐదేళ్ల ప్రయాణంలో చివరిదాకా అవస్థ పడుతూనే ఉన్నాడు.

లోపలి చెవి ‘ఊగుతున్నాం’ అంటుంది. కేబిన్ గోడను చూస్తున్న కన్ను ‘కదలడం లేదే’ అంటుంది. ఆ తగాదాలో నలిగేది కడుపు.

ముందు మాత్రల సంగతి. షాపులో ‘వాంతులకు ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే ఒండాన్‌సెట్రాన్ చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. కీమోథెరపీ వాంతులకు అది మంచి మందే గానీ, అలల తిప్పుడు మీద పెద్దగా పనిచేయదు. పేరు పెట్టి అడగాల్సినవి రెండు: ప్రొమెథజిన్ (అవోమిన్), సిన్నరిజిన్ (స్టుగెరాన్). ప్రొమెథజిన్ గట్టిదే, నిద్ర కూడా గట్టిగానే పడుతుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ప్రయాణికుల ఓడలో బెర్తు మీద పడుకునేవారికి ఆ నిద్ర వరమే. తెరచాప పడవలో అలా కుదరదు. నౌకాదళం తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తరిణి మీద 2017-18లో భూగోళం చుట్టి వచ్చిన నౌకాదళ అధికారిణులు ఆరుగురే. వారిలో మన విశాఖ అమ్మాయి స్వాతి ఒకరు. అంత చిన్న బృందంలో ఒకరు మత్తుగా పడుకుంటే పడవ కాపలాలో వాళ్ల వంతు ఇంకొకరి నెత్తిన పడుతుంది. అందుకే పడవవాళ్లకు నా ఓటు సిన్నరిజిన్‌కే. దానికీ కాస్త మగత ఉంటుంది, అయితే తక్కువ. అమెరికాలో ఉన్నవాళ్లకు అది దొరకదు. అక్కడ డాక్టరు చీటీ మీద స్కోపోలమైన్ పట్టీ ఇస్తారు. చెవి వెనక అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది, మింగే పని లేదు. కాకపోతే నోరెండుతుంది, చూపు మసకబారుతుంది. ఒక రకం గ్లాకోమా (కంటి జబ్బు) ఉన్నవాళ్లకు ప్రమాదం, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఏది వాడినా బయలుదేరక ముందే. వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర వాటితోనే బయటికొస్తుంది. మీ ఒంటికి ఎంత మగత తెస్తుందో ఒడ్డున ఉండగానే ఓసారి వేసుకుని చూడండి.

అల్లం మాటకొస్తే, వికారం కొంత తగ్గుతుంది, నిద్ర రాదు. చిన్న అలలకు మురబ్బా ముక్క చాలు, పెద్ద అలలకు చాలదు. వికారం తగ్గడానికని మణికట్టును నొక్కుతూ కట్టుకునే బ్యాండ్లతో నష్టం లేదు, లాభం ఉందని అధ్యయనాలన్నీ ఒప్పుకోవడమూ లేదు.

మందు సంగతి తేలాక మిగిలింది ఒకటే: పడుకోవాలా, చుక్కాని పట్టాలా? ఒంట్లో ఓపికున్నంతసేపు చుక్కానే. పడవ ఎటు ఒరుగుతుందో నడిపేవాడికి ముందే తెలుస్తుంది, కన్ను ఎలాగూ దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత మీదే ఉంటుంది. కారు నడిపేవాడికి తిప్పకపోవడం మీరు చూసే ఉంటారు. చేతులు వణుకుతుంటే మాత్రం పంతం వద్దు. ఊపు తక్కువుండే పడవ నడిమధ్యన వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోండి. కింద వంటగదిలో పొయ్యి వాసన మధ్య నిలబడటం, ఫోను చూడటం, ఈ రెండూ అన్నిటికన్నా అధ్వానం.

వాంతి వస్తే రెయిలింగు మీదికి వంగకండి, బకెట్ వాడండి. వంగక తప్పదంటే నడుముకు తాడు కట్టుకునే. ఓఆర్ఎస్ గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. అదీ నిలవక, మూత్రం రావడం తగ్గి, మాట తడబడుతుంటే చిట్కాలు పక్కనబెట్టి రేడియోలో వైద్య సలహా అడగమని కెప్టెన్‌కు చెప్పండి.