కుక్కతో మోటార్‌హోమ్‌లో స్కాట్లండ్ ఉత్తర తీరం: ఎక్కడ ఆగితే బాగుంది, ఎక్కడ బాగోలేదు

స్కాట్లండ్ ఉత్తర భాగాన్ని చుట్టే నార్త్ కోస్ట్ 500 అనే రోడ్డు రూటు ఫొటోలు ఎక్కడ చూసినా రోడ్డు, కొండ, సముద్రమే. కుక్కని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి అంతకంటే ముందు తెలియాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. పొద్దున్నే తలుపు తీస్తే దాన్ని ఎటు నడిపించాలి? లీష్ ఎక్కడ విప్పొచ్చు? మేం ఏదైనా చూడడానికి లోపలికి వెళితే అది ఎక్కడ ఉండాలి? ఈ లెక్కన చూస్తే బాగా పేరున్న చోట్లు కొన్ని మమ్మల్ని ఇబ్బంది పెట్టాయి. పెద్దగా ఎవరూ చెప్పుకోని చోట్లు కొన్ని కదలబుద్ధి కానివ్వలేదు. మేం వెళ్ళింది మే చివర్లో. మా ఆయన, నేను, మా లాబ్రడార్ బంటి. వాడికి ఎనిమిదేళ్ళు. నీళ్ళు కనిపిస్తే ఆగడు, మెట్లు కనిపిస్తే కదలడు.

ఈ రూటు ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై, పడమటి తీరం ఎక్కి, ఉత్తరం అంచు పట్టుకుని, తూర్పు తీరం దిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. మొత్తం 516 మైళ్ళు, అంటే దాదాపు 830 కిలోమీటర్లు. పాత రోడ్లనే కలిపి 2015లో ఈ పేరు పెట్టారు. దీన్ని గబగబా చుట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కుక్క ఉంటే అలా చేయొద్దని గట్టిగా చెబుతాను. రోజూ బండి కదులుతుంటే కుక్కకి చోటు అలవాటు కాదు, వాసన పట్టిన గడ్డి మర్నాటికి మారిపోతుంది. మేం కొన్ని చోట్లు పూర్తిగా వదిలేసి, ఆగిన ప్రతిచోటా కనీసం రెండు రాత్రులు ఉన్నాం.

మోటార్‌హోమ్ అంటే లోపలే వండుకుని పడుకునే బండి. మేం అద్దెకి తీసుకున్నాం. కుక్కల్ని ఒప్పుకునే కంపెనీలు తక్కువ, ఒప్పుకున్నా దానికి వేరే రుసుము. మాకు ఫోన్లో "కుక్క అయితే పరవాలేదండీ" అన్నవాళ్ళే, తీరా తాళాలు ఇచ్చేటప్పుడు అదనపు డిపాజిట్ కట్టమన్నారు. ఆ షరతు మాకు పంపిన కాగితాల్లో ఎక్కడా లేదు. సెలవు పెట్టుకుని, సామాన్లు దింపుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళని అలా అడగడం అన్యాయం. కుక్క గురించి ఏం మాట్లాడుకున్నా మెయిల్లో రాయించుకోండి. ఇంకో రెండు విషయాలు. బండి బరువు 3,500 కిలోలు దాటితే, 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి బరువు బళ్ళకి ఇచ్చే సీ1 అర్హత కూడా ఉండాలి. కుక్క కదలకుండా హార్నెస్సో (ఒంటికి కట్టే పట్టీ), పంజరమో ఉండాలని బ్రిటన్ హైవే కోడ్ చెబుతుంది. మా బండిలో వెనక బెల్టు ఉన్న సీటు పక్కన నేల మీద బంటికి చోటు కుదిరింది, హార్నెస్‌ని బెల్టుకి తగిలించాం. తలుపు మెట్టు మరీ ఎత్తు. వయసు మళ్ళిన కుక్క ఉంటే మడత ర్యాంప్ తప్పకుండా తీసుకెళ్ళండి.

దారి విషయంలో మొదట వదిలేసింది ఆపిల్‌క్రాస్ కనుమ, బెలాఖ్ నా బా. 626 మీటర్ల ఎత్తుకి ఎక్కే, ఒక్క బండే పట్టే ఒంటి రోడ్డు, పైన హెయిర్‌పిన్ మలుపులు. పెద్ద బళ్ళకీ క్యారవాన్లకీ తగదని కిందనే బోర్డు ఉంటుంది. అయినా మోటార్‌హోమ్‌లు ఎక్కి ఇరుక్కుంటూనే ఉంటాయి, వెనక స్థానికుల కార్లు బారులు తీరుతాయి. అక్కడి ఊళ్ళవాళ్ళకి అదే ఆస్పత్రికీ బడికీ దారి. మిగతా ఒంటి రోడ్లలో పాసింగ్ ప్లేస్, అంటే పక్కకి తప్పుకోడానికి రోడ్డు వెడల్పు చేసిన చోటు, దాని మర్యాద తెలిస్తే చాలు: ఎదురొచ్చేవాళ్ళకే కాదు, వెనక వచ్చేవాళ్ళకీ పక్కకి తప్పుకుని దారివ్వాలి. ఫొటో కోసమో, కుక్కని దింపడానికో అక్కడ బండి ఆపకూడదు.

కాబట్టి అచ్‌నషీన్, కిన్‌లోక్యూ మీదుగా లాక్ మరీ అనే సరస్సు ఒడ్డు పట్టుకుని గేర్‌లాక్ చేరాం. దారిలో బెన్ ఐ ఉంది, 1951లో ప్రకటించిన బ్రిటన్ మొట్టమొదటి జాతీయ ప్రకృతి రిజర్వ్. పాత పైన్ చెట్ల మధ్య నడక చాలా బాగుంటుంది. కానీ నేల మీద గూళ్ళు పెట్టే పక్షుల కాలం అది, లీష్ విప్పే ప్రశ్నే లేదు. పిడుదులు కూడా అక్కడే మొదలయ్యాయి. సాయంత్రం బంటి చెవి వెనక నిమురుతుంటే వేలికి గింజలా తగిలింది. వెంట్రుకలు విడదీసి చూస్తే బూడిద రంగు పిడుదు, తల చర్మంలోకి దించి ఉంది. అలాంటప్పుడు గోళ్ళతో పీకకూడదు, నూనె పోయకూడదు. టిక్ హుక్ అని చిన్న ప్లాస్టిక్ కొక్కెం దొరుకుతుంది. దాన్ని చర్మానికి ఆనించి, పిడుదు కిందకి జరిపి, మెల్లగా తిప్పితే తలతో సహా ఊడొస్తుంది. ఈ ప్రాంతపు పిడుదులకి లైమ్ వ్యాధి అంటించే గుణం ఉంది, కుక్కలకే కాదు మనకీ. బయల్దేరే ముందే వెట్ దగ్గర మందు వేయించాం. అయినా రోజూ రాత్రి చెవులు, చంకలు, కాలివేళ్ళ సందులు వెతకడం మా దినచర్య అయిపోయింది. మా కాళ్ళు కూడా అలాగే చూసుకున్నాం.

గేర్‌లాక్ పక్కన బిగ్ శాండ్‌లో ఇసుక దిబ్బల మధ్య క్యాంప్‌సైట్ ఉంది. దిబ్బ దాటితే బీచ్, ఎదురుగా లాంగా దీవి, ఆకాశం తేటగా ఉంటే స్కై దీవి కొండలు. కుక్కకి మొదటి మజిలీగా మంచి చోటు. గాలి ఆగిన సాయంత్రాలు మాత్రం మిడ్జిలు కమ్మేస్తాయి. దోమ కంటే చాలా చిన్నవి, గుంపుగా వస్తాయి, బంటి ముక్కు నేలకేసి రుద్దుకున్నాడు. కాస్త గాలి వీస్తే చాలు, మాయమవుతాయి. అందుకే తర్వాత ఎక్కడికెళ్ళినా చెట్ల చాటు వదిలేసి గాలి తగిలే పిచ్ (బండి నిలిపే చోటు) అడిగి తీసుకున్నాం.

ఉల్లాపూల్‌ని అందం కోసం కాక సౌకర్యం కోసం మెచ్చుకుంటాను. లాక్ బ్రూమ్ అనే సముద్రపు పాయ ఒడ్డునే బ్రూమ్‌ఫీల్డ్ సైట్, అక్కడి నుంచి ఊళ్ళోకి నడకే. సూపర్ మార్కెట్, డీజిల్, మందుల షాపు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఇక్కడ నింపుకోకపోతే పైన ఉత్తరాన చాలా దూరం చిన్న కొట్లే దిక్కు. దగ్గర్లో కోరీషాలాఖ్ అనే ఇరుకు లోయ, అందులో 46 మీటర్ల జలపాతం. దాని మీది వేలాడే వంతెనను కట్టించింది ఫోర్త్ రైలు వంతెన రూపకర్తల్లో ఒకరైన జాన్ ఫౌలర్. ఒకేసారి ఆరుగురికి మించి ఎక్కకూడదు, ఎక్కితే ఊగుతుంది. బంటి రెండడుగులు వేసి బోర్లా పడుకున్నాడు. వంతులవారీగా చూసొచ్చాం. అక్కడి కంటే కాస్త ఉత్తరాన ఉన్న నాకన్ క్రాగ్ మాకు బాగా నచ్చింది. పాత రాళ్ళు కొత్త రాళ్ళ మీదకి ఎక్కి కూర్చున్న చోటు అది. భూమి పొరలు అలా మైళ్ళ కొద్దీ జరుగుతాయని 19వ శతాబ్దం చివర్లో అక్కడి రాళ్ళు చూసే తేల్చారు. లీష్‌తో హాయిగా నడవొచ్చు, జనం తక్కువ.

లాకిన్‌వర్ దాటాక క్లాక్‌టోల్. బీ869 రోడ్డులో అక్కడిదాకా జాగ్రత్తగా వెళ్ళొచ్చు. ఆ పైన డ్రమ్‌బెగ్ వైపు మోటార్‌హోమ్‌తో వద్దు, ఎత్తుపల్లాలూ మలుపులూ మరీ ఎక్కువ. వచ్చిన దారినే వెనక్కి వచ్చి ప్రధాన రోడ్డు పట్టుకున్నాం. క్లాక్‌టోల్ సైట్ శుభ్రంగా ఉంది, నీళ్ళు ఆకుపచ్చా నీలం కలిసిన రంగు. చుట్టూ గొర్రెలు మేసే నేల కావడంతో బీచ్ దాకా లీష్ తప్పదు.

గొర్రెల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్కాట్లండ్‌లో 2021లో వచ్చిన చట్టం ప్రకారం కుక్క పశువుల మీద పడినా, తరిమి బెదరగొట్టినా యజమానికి 40,000 పౌండ్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడొచ్చు. పిల్లలతో ఉన్న గొర్రెలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి. "మావాడు ఏమీ చేయడండీ" అనే మాట అక్కడ చెల్లదు. తరిమితే చాలు, చూడి గొర్రెకి పిల్ల పోవచ్చు. బంటి నెమ్మదస్తుడే, అయినా గొర్రె కనిపించే దూరంలో ఎప్పుడూ విప్పలేదు.

డర్‌నెస్‌లో సాంగో శాండ్స్ సైట్ గురించి అందరూ చెప్పేది నిజమే. కొండ అంచున బండి పెట్టుకుని కిటికీలోంచి సముద్రం చూస్తూ టీ తాగొచ్చు. రాత్రి పదిన్నరకి కూడా వెలుతురు పోదు. కళ్ళకి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. కుక్కకి మాత్రం కాదు. అంచు దగ్గర, గాలి బలం ఎక్కువ, రాత్రి బండి ఊగింది, బంటి నిద్రపోక మా మంచం పక్కనే నిలబడ్డాడు. చివరి వరస పిచ్‌లు వదిలేసి లోపలికి తీసుకుంటే కాస్త నయం. స్మూ గుహ నడిచి వెళ్ళేంత దూరమే, కానీ దిగడానికి మెట్లు చాలా ఉన్నాయి. మెట్ల దగ్గర బంటి సంగతి తెలిసిందే, కాబట్టి ఆయన పైన వాడితో కూర్చుంటే నేను దిగాను. లోపల జలపాతం పడే గది మెట్ల శ్రమకి తగిన ఫలితమే.

బంటికి దొరికిన చోటు పక్కనున్న బాల్‌నకీల్. పొడవాటి తెల్లటి ఇసుక బీచ్, ఒక చివర పాడుబడ్డ చర్చి. ఆ ఆవరణలో గేలిక్ భాషా కవి రాబ్ డాన్ స్మారక స్తంభం ఉంది. పొద్దున్నే వెళితే బీచ్ మొత్తం మాదే.

ఇక నేను అందరికీ చెప్పే చోటు డనెట్ బే. సైట్ దిబ్బలని ఆనుకునే ఉంది, గేటు దాటితే రెండు మైళ్ళ ఇసుక. గొర్రెలు లేవు, రోడ్డు దాటాల్సిన పని లేదు, మెట్లు లేవు. ఆటు సమయంలో ఇసుక గట్టిపడి ముసలి కీళ్ళకి సుఖంగా ఉంటుంది. బంటి అలల్లోకి పరిగెత్తి, నాచు తాడు ఒకటి ఈడ్చుకొచ్చి, ఆయన కాళ్ళ మీద పడేసి, మళ్ళీ విసరమని మొరిగాడు. "ఏమండీ, ఇంకో రెండు రాత్రులు ఉండిపోదామా?" అంటే ఆయన అప్పటికే రిసెప్షన్ వైపు నడుస్తున్నారు. కుక్కతో వచ్చినవాళ్ళని వార్డెన్లు దిబ్బల వైపు పిచ్‌లోనే ఉంచారు, తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి చోటు చూపించారు. అక్కడి నుంచి డనెట్ హెడ్ దగ్గరే, బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఉత్తరాన చిట్టచివర. 1831లో రాబర్ట్ స్టీవెన్‌సన్ కట్టిన దీపస్తంభం ఉంది. అంచులు నిట్టనిలువు, లీష్ చేతికి చుట్టుకుని పట్టుకోండి.

ఈశాన్య కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్‌లో బోర్డు పక్కన ఫొటో తీసుకుని వచ్చేశాం. దాని కంటే డంకన్స్‌బీ రాతి స్తంభాలు చూడడానికి సమయం పెట్టండి, పొలం మీదుగా నడక, అక్కడా గొర్రెలే. తూర్పు తీరంలో ఏ9 రోడ్డు వెడల్పు, డ్రైవర్‌కి ఊపిరి. డార్నోక్ బీచ్ కూడా కుక్కకి బాగుంది.

రాత్రి బస మీద చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. 2003 భూసంస్కరణ చట్టం స్కాట్లండ్‌లో చాలాచోట్ల టెంట్ వేసుకునే హక్కు ఇచ్చింది కదా, బండి కూడా ఎక్కడైనా ఆపుకోవచ్చని. ఆ హక్కు మోటారు వాహనాలకి వర్తించదు. ఈ ప్రాంతపు స్థానిక పాలక సంస్థ హైలాండ్ కౌన్సిల్ 2024లో స్వచ్ఛందంగా కొనుక్కునే పాస్ ఒకటి పెట్టింది, అప్పట్లో వారానికి 40 పౌండ్లు, కొన్ని కౌన్సిల్ పార్కింగుల్లో రాత్రి ఆగొచ్చు. కుక్క లేనివాళ్ళకి అది సరిపోవచ్చు. మాకు మాత్రం డబ్బు ఎక్కువైనా క్యాంప్‌సైటే నయమనిపించింది. ఇసుక కడగడానికి గొట్టం, తడి తువ్వాళ్ళు ఆరేయడానికి చోటు, టాయిలెట్ క్యాసెట్ (వ్యర్థం నిలిచే డబ్బా) ఖాళీ చేయడానికి సరైన గది, ఇవి లేకపోతే మూడో రోజుకి బండిలో ఊపిరాడదు. బుక్ చేసేటప్పుడు "కుక్కకి అనుమతి ఉందా" అని అడిగితే చాలదు. లీష్ లేకుండా వదిలే చోటు సైట్‌లో ఉందా, బండిలో కాసేపు ఒంటరిగా వదలొచ్చా అని అడగండి. చాలా సైట్లలో రెండో దానికి కాదనే అంటారు. మాకు ఒకచోట "డాగ్ వాక్" అని చూపించింది చెత్తడబ్బాల వెనక దురద మొక్కలు మొలిచిన సందు. వెబ్‌సైట్ ఫొటోలో మాత్రం పచ్చటి మైదానం.

చివరి మజిలీ బ్లాక్ ఐల్ ద్వీపకల్పంలోని రోజ్‌మార్కీ. సైట్ నుంచి బీచ్ వెంబడే నడుస్తూ చానన్రీ పాయింట్‌కి వెళ్ళొచ్చు. ఆటు అయిపోయి పోటు మొదలయ్యాక డాల్ఫిన్లు ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తాయి. జనం గుమిగూడతారు కాబట్టి కుక్కని కాస్త దూరంగా గులకరాళ్ళ మీద కూర్చోబెట్టుకోవడం మర్యాద. ఇన్వర్నెస్ అక్కడికి దగ్గరే, బండి అప్పగించే రోజు హడావుడి ఉండదు. ఆ రోజు పొద్దున్న సీట్ల మీది వెంట్రుకలు తడి రబ్బరు గ్లవ్‌తో తుడిచి, లోపలంతా ఫొటోలు తీసుకున్నాం. శుభ్రత కింద డబ్బు పట్టుకుంటామన్నప్పుడు ఆ ఫొటోలే చూపించాం, డిపాజిట్ పూర్తిగా వెనక్కి వచ్చింది.