40 వేలలో కెమెరా: కొత్త కిట్టా, సెకండ్ హ్యాండ్ బాడీతో మంచి లెన్సా?

చేతిలో 40 వేల రూపాయలున్నాయి. ఇంట్లో పిల్లల ఫోటోలు తీయాలి, చుట్టాల పెళ్లిళ్లలో తీయాలి, ఊళ్లో బోనాలో జాతరో వస్తే అక్కడా తీయాలి. చెయ్యి తిరిగాక పుట్టినరోజు, సీమంతం లాంటి చిన్న ఆర్డర్లు కూడా చేసుకోవాలన్న ఆశ ఉంది. ఈ డబ్బుతో ఏం కొనాలి?

ఎక్కువమంది షోరూమ్‌కి వెళ్లి, ఆ ధరలో దొరికే కొత్త డీఎస్ఎల్ఆర్‌ని (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) 18-55 లెన్స్‌తో కలిపి, అంటే కిట్‌గా, తెచ్చుకుంటారు. అలా కొనడంలో తప్పేమీ లేదు. కానీ అదే డబ్బుకు చాలా ఎక్కువ పని చేసే సెట్ దొరుకుతుందని నా గట్టి అభిప్రాయం. అందుకే నాలుగు దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం: కొత్త కానన్ 1500డి కిట్, సెకండ్ హ్యాండ్ కానన్ 70డి లేదా నికాన్ డీ7100 బాడీతో (లెన్స్ లేని ఒట్టి కెమెరా) ఒక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్), సెకండ్ హ్యాండ్ సోనీ ఏ6000, చివరగా ఇప్పుడు జేబులో ఉన్న ఫోన్‌కే తోడుగా లైట్లు, ట్రైపాడ్.

ముందు లెన్స్ సంగతి

ఏ కంపెనీ మంచిదని అడిగే ముందు, మనం ఫోటోలు ఎక్కడ తీస్తామో చూసుకోవాలి. మన ఫోటోల్లో చాలా భాగం రాత్రిపూట, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, ఫంక్షన్ హాల్లో, గుడి మండపంలో తీసేవే. అక్కడ వెలుతురు తక్కువ.

కిట్‌తో వచ్చే 18-55 లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే దాని ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఒక మామూలు 50 ఎంఎం ప్రైమ్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. రెండింటికీ తేడా దాదాపు పది రెట్ల వెలుతురు. పెళ్లి రాత్రి ముహూర్తమని అనుకోండి. తలంబ్రాలు పోసుకుంటున్నప్పుడు చేతులు కదులుతాయి కాబట్టి షట్టర్ స్పీడ్ సెకనులో 1/125 వంతు అయినా ఉండాలి. కిట్ లెన్స్‌తో ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 6400 పెట్టాల్సి వచ్చే చోట, ప్రైమ్‌తో ఎఫ్ 2 దగ్గర 800 సరిపోతుంది. 6400లో ముఖాల మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది. 800లో పెళ్లికూతురి నుదుటి బాసికం మెరుపు కూడా శుభ్రంగా కనిపిస్తుంది. కొత్త బాడీ కొన్నంత మాత్రాన ఈ తేడా పోదు.

అందుకే డబ్బు తక్కువ ఉన్నప్పుడు బాడీ మీద ఖర్చు తగ్గించి లెన్స్‌కి, ఫ్లాష్‌కి మిగల్చాలంటాను.

1500డి, 70డి: కొత్తదా, పెద్దదా?

1500డి 2018లో వచ్చింది, 70డి 2013లో. సంవత్సరాలు చూస్తే 1500డి ముందుండాలి. మెగాపిక్సెల్స్ చూసినా 1500డికి 24.1, 70డికి 20.2. షాపులో సేల్స్‌మన్ ఈ రెండు సంగతులే చెబుతాడు.

చేతిలోకి తీసుకుంటే లెక్క మారిపోతుంది. 1500డిలో ఫోకస్ పాయింట్లు 9, వాటిలో గట్టిగా పట్టే క్రాస్ టైప్ మధ్యలో ఉన్నది ఒక్కటే. 70డిలో 19, అన్నీ క్రాస్ టైపే. 1500డి సెకనుకు 3 ఫోటోలు తీస్తే 70డి 7 తీస్తుంది. 1500డి స్క్రీన్ కదలదు, టచ్ లేదు. 70డి స్క్రీన్ బయటికి తెరుచుకుని తిరుగుతుంది, టచ్ కూడా ఉంది. జనం మధ్య చేతులెత్తి అమ్మవారి ఘటాన్ని తీయాలంటే ఆ తిరిగే స్క్రీన్ విలువ తెలుస్తుంది. ఇక వీడియో సంగతి. కానన్ వాళ్ల డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ మొదట వచ్చింది 70డిలోనే. వీడియోలో మనిషి ముందుకు నడిచొస్తుంటే మెత్తగా ఫోకస్ పట్టుకుంటూ వస్తుంది. 1500డిలో ఆ సదుపాయం లేదు, బయటి మైక్ పెట్టుకునే జాక్ కూడా లేదు.

ఇంకో చిన్న విషయం ఉంది, దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. ఫ్లాష్ పెట్టే హాట్ షూ మధ్యలో ఒక పిన్ ఉంటుంది. తక్కువ ధర మాన్యువల్ ఫ్లాష్‌లన్నీ (వెలుగు ఎంతో మనమే సెట్ చేసుకునేవి) ఆ పిన్ ద్వారానే వెలుగుతాయి. కానన్ ఇటీవలి చిన్న మోడళ్లలో, అంటే 1500డి, 200డి మార్క్ 2 లాంటి వాటిలో ఆ పిన్ లేకుండా ఇస్తోంది. అంటే ఐదారు వేలకు దొరికే మామూలు ఫ్లాష్ వాటి మీద వెలగదు, కానన్‌కి సరిపడే ఖరీదైన ఫ్లాష్ కొనాలి. చిన్న బడ్జెట్ వాళ్లకి ఇది పెద్ద దెబ్బ. 70డిలో పిన్ ఉంటుంది.

70డి బరువు 755 గ్రాములు, 1500డి 475. రోజంతా మెడలో వేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది, దాచాల్సిన పని లేదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 70డి బాడీ 20 వేల అటూఇటూ, 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం సెకండ్ హ్యాండ్‌లో ఆరు వేల లోపు, గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ ఐదారు వేలు. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, బ్యాగు కలిపినా 40 వేలు దాటదు. కండిషన్‌ను బట్టి, బేరాన్ని బట్టి రెండు మూడు వేలు మారుతుంది. కొత్త 1500డి కిట్‌కి దాదాపు ఆ డబ్బంతా అయిపోతుంది, చేతిలో ఫ్లాష్ ఉండదు, ప్రైమ్ ఉండదు.

మన గదులకు 50 సరిపోతుందా?

అందరూ 50 ఎంఎం కొనమంటారు, నేనూ పైన అదే రాశాను. కానీ ఇంట్లో తీసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఈ కెమెరాల సెన్సర్ (ఫోటో పడే చిప్) ఫిల్మ్ కన్నా చిన్నది కాబట్టి 50 లెన్స్ పాత ఫిల్మ్ కెమెరాలో దాదాపు 80 లాగా దగ్గరికి లాగేస్తుంది. కెమెరా నిలువుగా పట్టుకుని మనిషిని తల నుంచి పాదాల దాకా తీయాలంటే నాలుగు మీటర్లకు పైగా వెనక్కి జరగాలి. మన ఇళ్లలో పది పన్నెండు అడుగుల గదులే ఎక్కువ, అంటే మూడు మూడున్నర మీటర్లు. గోడకు ఆనుకున్నా పాదాలు తెగిపోతాయి. ముఖాలకు, నడుము దాకా తీసే ఫోటోలకు 50 అద్భుతమైన లెన్సే. కుటుంబమంతా సోఫాలో కూర్చుంటే మాత్రం పట్టదు.

ఇక్కడ నికాన్ వైపు చూడాలి. 2009లో వచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జీ లెన్స్ చిన్నది, తేలిక, సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతుంది. దానితో నిలువెత్తు మనిషికి మూడు మీటర్లు చాలు. మన కన్ను చూసినట్టే ఉంటుంది ఆ ఫోటో. కానన్‌లో ఇంత తక్కువకు ఎఫ్ 1.8 ఉన్న 35 దొరకదు. 24 ఎంఎం ఎఫ్ 2.8 పాన్‌కేక్ (పల్చటి లెన్స్) ఉంది, గదుల్లో బాగా పనికొస్తుంది, కాకపోతే వెలుతురు ఒక మెట్టు పైనే తగ్గుతుంది.

ఈ 35ని నికాన్ డీ7100కి పెట్టండి. 24.1 మెగాపిక్సెల్స్, 51 ఫోకస్ పాయింట్లు, రెండు కార్డుల స్లాట్లు. రేపు ఎవరి పెళ్లికైనా డబ్బు తీసుకుని వెళ్లే ఉద్దేశం ఉంటే, ఆ రెండో స్లాట్ కోసమే నేను దీన్ని ఎంచుకుంటాను. ఒక కార్డు పాడైనా రెండోదాంట్లో ఫోటోలు ఉంటాయి. మూడు ముళ్లు మళ్లీ వేయించలేం కదా. 70డిలో కార్డు ఒక్కటే.

నికాన్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 3000, 5000 వరస మోడళ్ల బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా దొరికిందని 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లాంటి పాత లెన్స్ తెచ్చి డీ5300కి పెడితే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాలి. డీ7000, డీ7100, డీ7200లలో మోటారు ఉంది కాబట్టి ఆ పాత లెన్స్‌లు కూడా నడుస్తాయి. 5000 వరస కొంటే ఏఎఫ్-ఎస్ లాంటి, లోపలే మోటారు ఉన్న లెన్స్‌లే చూడాలి.

వీడియో ముఖ్యమైతే డీ7100 వద్దు. లైవ్ వ్యూలో (స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ నెమ్మదిగా, ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. వీడియోకి 70డి, ఇంట్లో ఫోటోలకీ పెళ్లి ఆర్డర్లకీ డీ7100తో 35. నా తీర్పు ఇదే.

సోనీ ఏ6000 ఆకర్షణ

2014లో వచ్చిన ఈ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఇప్పటికీ వేగంలో మంచి పోటీ ఇస్తుంది. సెకనుకు 11 ఫోటోలు, 179 ఫోకస్ పాయింట్లు, చిన్న బ్యాగులో ఇమిడే సైజు. ప్రయాణాల్లో ఎప్పుడూ వెంట ఉండాలనుకునేవాళ్లకి ఇది నచ్చుతుంది.

ఇబ్బంది లెన్స్‌ల దగ్గర వస్తుంది. ఆటోఫోకస్ ఉన్న సోనీ వెడల్పు ఎపర్చర్ లెన్స్‌లు ఈ మౌంట్‌కి (లెన్స్ బిగించే చోటుకి) కానన్ 50తో పోలిస్తే చాలా ఖరీదు, ఒక మంచి ప్రైమ్ కొంటే బాడీ ఖరీదు అంత అవుతుంది. చైనా కంపెనీల మాన్యువల్ ఫోకస్ లెన్స్‌లు చవకే, కానీ పరిగెత్తే పిల్లల్ని వాటితో పట్టుకోవడం కొత్తవాళ్లకి కష్టం. బ్యాటరీ చిన్నది, పెళ్లికి మూడు నాలుగు బ్యాటరీలు పట్టుకెళ్లాలి. మైక్ జాక్ కూడా లేదు. 40 వేల దగ్గర ఆగిపోయేవాళ్లకి దీన్ని నేను సూచించను. వచ్చే ఏడాది ఇంకో పాతిక వేలు పెట్టగలమనుకుంటే ఆలోచించవచ్చు.

డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయింది కదా అని అడుగుతారు. నిజమే, కానన్, నికాన్ రెండూ మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయాయి. పాత బాడీల ధరలు పడడానికి కారణం కూడా అదే, చిన్న బడ్జెట్ వాళ్లకి అది మేలే. తర్వాత కానన్ మిర్రర్‌లెస్ ఆర్ వరసకు మారినా అడాప్టర్‌తో (పాత లెన్స్‌ని కొత్త బాడీకి కలిపే భాగం) ఇప్పటి 50 పనిచేస్తుంది. నికాన్‌లోనూ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో 35 ఎంఎం ఏఎఫ్-ఎస్ ఫోకస్ అవుతుంది. ఆ అడాప్టర్‌లో మోటారు లేదు కాబట్టి పాత డీ లెన్స్‌లు మాత్రం అవ్వవు.

కెమెరానే వద్దనుకుంటే

మంగళగిరి, పోచంపల్లి చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునేవాళ్లు, వంటల రీల్స్ చేసేవాళ్లు కెమెరా కొనకండి, ఉన్న ఫోనే చాలు. చీర కదలదు, వెలుతురు మన చేతిలో ఉంటుంది. రెండు మంచి ఎల్ఈడీ లైట్లు, ఒక గట్టి ట్రైపాడ్, వెనక తెల్ల గుడ్డ కొనుక్కోండి, పది పన్నెండు వేల లోపే అయిపోతుంది. కిటికీ వెలుతురూ ట్యూబ్‌లైటూ కలిపి వాడొద్దు, అంచు రంగు ఒకలా, పల్లూ రంగు ఇంకోలా వచ్చి చీర తిరిగొస్తుంది. ఏదో ఒకటే వాడండి.

మామూలు ఫోన్ సెన్సర్‌తో పోలిస్తే పైన చెప్పిన కెమెరాల సెన్సర్ వైశాల్యం సుమారు పది రెట్లు. రాత్రిపూట కదిలే మనుషుల్ని తీసేటప్పుడు ఆ తేడా బయటపడుతుంది. బల్ల మీద వస్తువుకి అంతగా అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

హైదరాబాద్ కోఠి లాంటి చోట్ల షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో మనిషిని చూసి కొన్నా, పట్టపగలు వెళ్లండి. సొంత మెమరీ కార్డు, చిన్న టార్చి తీసుకెళ్లండి. మొదట షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క, చూడాలి. నికాన్ ఫోటో ఫైల్ లోపలే ఆ అంకె ఉంటుంది. కానన్‌కి మామూలుగా యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. 70డి షట్టర్‌ని లక్ష ఫోటోలకు, డీ7100 షట్టర్‌ని లక్షన్నరకు పరీక్షించారని కంపెనీలు చెబుతాయి. కౌంట్ 40 వేల లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. కౌంట్ 80 వేలు దాటిన 70డి అయితే ధర బాగా తగ్గించమనండి.

తర్వాత లెన్స్‌ని టార్చి వెలుగులో అటు నుంచి ఇటు చూడండి. సాలెగూడు దారాల్లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్‌లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. సెన్సర్ మీద మచ్చల కోసం ఎపర్చర్‌ని ఎఫ్ 16కి పెట్టి తెల్ల గోడను తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. దుమ్మైతే శుభ్రం చేయించుకోవచ్చు, గీత అయితే వదిలేయండి. కానన్ 50 ఎస్టీఎం కెమెరా ఆఫ్‌లో ఉంటే ఫోకస్ రింగ్ తిప్పినా కదలదు, అది లోపం కాదు, దాని పద్ధతే అంత. బిల్లు మీద నంబరూ బాడీ అడుగున నంబరూ ఒకటో కాదో చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంటికి తెచ్చాక తోలు సంచిలోనో బీరువాలోనో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే పెనం మీద సన్నటి మంట మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి.

కొత్త 1500డి ఎవరికి?

దగ్గర్లో సెకండ్ హ్యాండ్ చూసిపెట్టే మనిషి లేనివాళ్లు, వారంటీ లేకపోతే టెన్షన్ పడేవాళ్లు, ఎక్కువగా పగటి వెలుతురులో గుళ్లు, కొండలు, పొలాలు తీసేవాళ్లు కొత్త కిట్ తీసుకోవచ్చు. పగలు 18-55 చక్కగానే తీస్తుంది. అలాంటివాళ్లు ఫ్లాష్ ఆలోచన పక్కన పెట్టి, తర్వాత డబ్బు కూడినప్పుడు 50 ఎంఎం కొనుక్కుంటే సరిపోతుంది.

నేలపట్టులోనో ఉప్పలపాడులోనో పక్షుల కోసమే కొనాలనుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లకి పై ప్రైమ్‌లు పనికిరావు. 70డికి 55-250 ఎస్టీఎం పెట్టుకుంటే చెట్ల మీద గూళ్లలో ఉన్న గూడబాతుల్ని చక్కగా తీయొచ్చు. అంతకన్నా పొడుగు లెన్స్ కావాలనిపిస్తే కొనొద్దు, హైదరాబాద్‌లో రోజు అద్దెకు ఇచ్చేవాళ్లున్నారు. సీజన్లో ఒకటి రెండు రోజులకు అదే చవక.