ఎలిజబెత్ రాణి వేట లాడ్జి, చింగ్‌ఫోర్డ్: మెట్ల కోసమైనా వెళ్ళండి

"లాడ్జి చూడ్డానికి వెళ్దామమ్మా" అంటే మా అమ్మ "ఏరా, ఇంట్లో మంచాలు చాలట్లేదా?" అంది. తాడేపల్లిగూడెంలో లాడ్జి అంటే బస్టాండు పక్కన ఉండేదే మరి.

ఇది లండన్‌కి ఈశాన్యాన, ఎపింగ్ అడవి అంచున ఉంది. ఈస్ట్‌హామ్, ఇల్‌ఫోర్డ్ వైపు మనవాళ్ళు ఇంతమంది ఉన్నారా, నేనడిగిన వాళ్ళలో దీన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చింగ్‌ఫోర్డ్ స్టేషన్లో దిగి ఓ పావుగంట నడవాలి. టికెట్ లేదు. తెరిచి ఉండే రోజులు మాత్రం ముందే చూసుకోండి.

ఎనిమిదో హెన్రీ 1543లో కట్టించిన మూడంతస్తుల ఓక్ కర్ర కట్టడం ఇది. పేరుకే లాడ్జి, నిజానికి రాజుగారి మంచె. పై రెండు అంతస్తులకీ అప్పట్లో ఇప్పుడున్న గోడలూ కిటికీలూ లేవు, అంతా బార్లా. అతిథులు అక్కడ నిలబడి వేట చూసేవాళ్ళు, కింద తరుముకొచ్చిన జింకల మీద బాణాలు వేసేవాళ్ళు. వాన జల్లు లోపలికి కొడుతుంది కాబట్టి నీళ్ళు జారిపోయేలా నేలకి వాలు ఇచ్చారట. అది వినగానే, డాబా మీద వాలు సరిగ్గా ఇవ్వలేదని మేస్త్రీతో మా నాన్న పడ్డ గొడవ గుర్తొచ్చింది.

అసలు అందం మెట్లది. బాగా వెడల్పు, ఎత్తు తక్కువ, నాలుగడుగులు వేస్తే మలుపు. మా ఇంట్లో మేడ మీద గదికి వెళ్ళాలంటే మోకాళ్ళు పట్టుకునే అమ్మ, ఇక్కడ పై అంతస్తు దాకా ఎక్కేసింది. స్పెయిన్ నౌకాదళం ఓడిందన్న సంబరంలో ఎలిజబెత్ రాణి ఈ మెట్ల మీద గుర్రమెక్కి వెళ్ళిందని కథ చెబుతారు. నిజమని నేను నమ్మను గానీ, ఆ మెట్లు చూస్తే గుర్రం ఎక్కలేదనీ అనలేం. ఆవిడ 1589లో దీన్ని బాగు చేయించింది మాత్రం నిజం.

పైన కాసేపు తలెత్తి దూలాలు చూడండి. కింద వంటగదిలో ఉత్తుత్తి వంటకాలు పేర్చారు. పిల్లలు అక్కడే అతుక్కుపోయారు, నాకు మాత్రం బొమ్మల కొలువులా అనిపించింది. కోట అనుకుని వెళ్తే గంటలో అయిపోయిందే అనిపిస్తుంది. ఐదుకి నాలుగు.

దిగేటప్పుడు అమ్మ ప్రతి మలుపు దగ్గరా ఆగింది. "మనింటికి ఇలాంటి మెట్లు పెట్టించమంటే మీ నాన్న చోటు దండగన్నారు."